తెల్ల సంచిలో మూడు గింజలు

నా భార్యకు రాత్రిపూట ఒళ్ళంతా నిప్పుల మీద పెట్టినట్టు మండుతుందని, లేచి నీళ్ళకుండకు చెంప ఆనించి కూర్చుంటుందని నేను ఆమె నోటి నుంచి వినలేదు. మా ఇంటికి రెండోసారి వచ్చిన ఒక పరాయి పిల్ల తన పుస్తకంలో రాసుకుంటూ ఆ మాటను పైకి చదువుకుంటే, కిటికీ బయట నిలబడి విన్నాను. నలభై రెండేళ్ళు కాపురం చేసినవాణ్ణి. మా ఇద్దరి మంచాల మధ్య జానెడు ఎడం కూడా ఉండదు. ఆ మంట సంగతి కుండకు తెలుసు, ఆ పిల్లకు తెలుసు, ఆమె పుస్తకానికి తెలుసు, నాకు తెలియదు. ఆ రోజు నాకు కలిగినదానికి ఇన్నేళ్ళ తర్వాత కూడా వేరే పేరు పెట్టలేను. కుళ్ళు. అచ్చమైన కుళ్ళు.

అప్పటికి కొత్తగూడ ఇంకా ఊరే. ఇప్పుడు ఫ్లైఓవర్ ఉన్నచోట చింతచెట్ల నీడన ఎడ్లబండ్లు ఆగేవి. మా ఇంటి వెనక గుట్టలను పగలగొట్టి, అవతల మాదాపూర్ దిక్కున గుండ్రటి పెద్ద భవనం లేపుతున్నారు. అందులో కంప్యూటర్లు పెడతారట, ఆ పక్కన ఊరికి ఊరే కొత్తది పుడుతుందట. రోజూ మధ్యాహ్నం రాళ్ళు పేల్చేవాళ్ళు. అలమారలో గిన్నెలు గలగలమనేవి. నేను ముప్పై ఏళ్ళు మేస్త్రీగా పనిచేసిన ద్రాక్షతోట ప్లాట్లయిపోయి, తెల్లరాళ్ళు పాతుకుని పడి ఉంది.

బడి మొహం చూసినవాణ్ణి కాదు. ద్రాక్షగంపల అడుగున పరిచే పాత పేపర్లు, పురుగుమందు సంచుల మీది అక్షరాలు, ఇవే నా బడి. ఉర్దూ మాత్రం తోట ముందర టీకొట్టు సాయిబు నేర్పాడు. ఊళ్ళో ఎవరికి దరఖాస్తు రాయాలన్నా, ఎవరికి నోటీసు వచ్చినా నా గడప తొక్కేవాళ్ళు. అందుకే పెద్ద చదువుల వాళ్ళంటే నాకు ఎప్పుడూ గిట్టదు. వాళ్ళకు చదువు ఎవరో వడ్డించారు. నేను కింద పడిన మెతుకులు ఏరుకుని తిన్నాను. అయినా వాళ్ళకు ఉన్న మర్యాద నాకు లేదు.

అంతకు రెండేళ్ళ ముందు నా భార్యకు ఎడమ రొమ్ములో గడ్డ వచ్చింది. కేన్సర్ అన్నారు. ఆపరేషన్ చేసి రొమ్ము తీసేశారు. తర్వాత కరెంటు పెట్టారు. రేడియేషన్‌ను మా వైపు అట్లాగే అంటారు. ఆ పైన రోజుకొక గోలీ ఐదేళ్ళు మింగాలన్నారు. నేను చేయవలసిందంతా చేశాననే అనుకున్నాను. బస్సుల్లో తిప్పాను, దవాఖాన వరండాల్లో రోజులు రోజులు కూర్చున్నాను, కాగితాలన్నీ వరుసగా గుడ్డసంచిలో దాచాను, పొద్దున్నే గోలీ గుర్తు చేశాను. ఒకనాడు పెద్ద డాక్టరు, ఇక ఫికర్ లేదు, జబ్బు పోయింది అన్నాడు. నేను ఊరందరికీ అదే మాట చెప్పాను. పోయింది, అంతే.

అంతే కాదని చెప్పడానికి వచ్చింది డాక్టరమ్మ. ముప్పై దాటి ఉంటాయి. అనంతపురం వైపు పల్లె నుంచి వచ్చిన పిల్ల, పట్నం దవాఖానలో పరిశోధన చేస్తోంది. నల్లటి చిన్న స్కూటరు, భుజానికి సంచి, ముక్కు మీదికి జారే కళ్ళద్దాలు. గడపలో నిలబడి వచ్చిన పని చెప్పింది.

"జబ్బు తగ్గిందని ఇంటికి పంపినాక ఆడవాళ్ళు ఎట్లుంటారో ఎవరూ అడగడం లేదు పెద్దాయనా. బతికినారా లేదా అని రాసుకుంటాము, అంతే. ఎట్ల బతుకుతున్నారో గూడా ఎవరో ఒకరు రాయల్ల కదా?"

"ఎట్ల బతుకుతది? నేనున్న గద" అన్నాను.

ఆమె కళ్ళద్దాలు పైకి తోసుకుని నవ్వింది. నా మాట మాత్రం రాసుకోలేదు. నేను చూశాను, రాసుకోలేదు.

ఆ రోజు ఒక అట్ట ఇచ్చి వెళ్ళింది. అందులో తేదీల వరుస, పక్కన గళ్ళు. నిద్ర, ఆకలి, నొప్పులు, చేతివాపు, మనసు. రోజూ నింపాలి. మా ఇంటామెకు చదువు రాదు కనుక నేనే నింపాను. పదిహేను రోజులూ ఒక్క రోజు తప్పకుండా, కొట్టివేతలు లేకుండా, ముత్యాల్లాంటి అక్షరాలతో. నిద్ర బాగుంది. ఆకలి బాగుంది. నొప్పులు లేవు. మనసు నెమ్మది. రెండోసారి వచ్చినప్పుడు డాక్టరమ్మ అట్టను అటూ ఇటూ తిప్పింది. దస్తూరీని మెచ్చుకుంటుందని ఎదురుచూశాను.

"ఆమెను అడిగి రాసినారా ఇది?"

"అడిగేదేమున్నది? రోజూ సూస్తనే ఉన్న గద."

"కాసేపు బయట కూర్చుంటారా పెద్దాయనా?"

నా ఇంట్లో నుంచి నన్ను బయట కూర్చోమంది. కూర్చోలేదు. కిటికీ దగ్గర నిలబడ్డాను. అప్పుడే విన్నాను కుండ సంగతి. దానికంటే ఎక్కువ గుచ్చుకున్నది ఆ తర్వాత వినిపించిన నవ్వు. ఇద్దరూ నవ్వుకున్నారు. ఆపరేషన్ అయినప్పటి నుంచి నా భార్య అట్లా పొట్ట పట్టుకుని నవ్వడం నేను వినలేదు. దేనికి నవ్వారో ఇప్పటికీ తెలియదు.

సాయంత్రం అడగకుండా ఉండలేకపోయాను.

"ఏమే, ఒళ్ళు మండుతదంటివంట?"

"ఎవలు చెప్పిన్రు?"

"కిటికీ చెప్పింది."

"కిటికీ కాడ నిలవడ్డవా? సిగ్గు లేదా నీకు, గీ వయసుల?"

"నాకెందుకు చెప్పలే?"

"నువ్వెన్నడు అడిగినవ్? గోలీ మింగినవా అని అడిగినవ్. మింగిన అని చెప్పిన."

బియ్యంలో రాళ్ళు ఏరుకుంటూ, తల ఎత్తకుండా చెప్పింది.  తప్పు నాదైనప్పుడు నేను చేసేది ఒకటే, అరవడం. అరిచాను. ఆమె రాళ్ళు ఏరుతూనే ఉంది.

మూడోసారి డాక్టరమ్మ అట్ట తేలేదు. దర్జీ దగ్గర మిగిలిన రవికె ముక్కలతో కుట్టించిన ఐదు చిన్న సంచులు తెచ్చింది. పసుపు, ఆకుపచ్చ, నీలం, నలుపు, తెలుపు. వాటికి పురికొసలు కట్టి వంటింటి మేకుకు తగిలించింది. ఒక్కో సంచి ఒక్కో బాధకు. ఆ బాధ కలిగినప్పుడు అందులో ఒక చింతగింజ వేయాలి. పదిహేను రోజులకోసారి గురువారం మధ్యాహ్నం తాను వచ్చి లెక్కపెట్టి, రాసుకుని, ఖాళీ చేసి పోతుంది. అక్షరం రానివాళ్ళకూ, నోట చెప్పడానికి సిగ్గుపడేవాళ్ళకూ ఈ పద్ధతి పెట్టిందట. మొయినాబాద్ దాకా ఎన్నో ఇళ్ళలో ఇట్లాంటి సంచులు వేలాడుతున్నాయట.

"దేనికి ఏ సంచో మీకూ నాకూ తప్ప ఎవరికీ తెలియకూడదమ్మా" అని చెప్పడం గడప ఇవతలికి వినిపించింది. "ఇంట్లోవాళ్ళకు గూడా."

ఇంట్లోవాళ్ళంటే ఇంకెవరు? ఒక్కగానొక్క కూతురు బాచుపల్లిలో కాపురం చేసుకుంటోంది. ఉన్నది నేనొక్కణ్ణే.

అప్పటి నుంచి మా ఇంట్లో గురువారాలు పండగలైపోయాయి. పొద్దున్నే తలస్నానం, ఉతికి దాచిన చీర. సర్వపిండి కాల్చేది. అంచు మాడిన ముక్క నాకు, మధ్యలోది డాక్టరమ్మకు. పెరట్లో జామకాయ పండుతుంటే, "దాన్ని ముట్టకు, బిడ్డ వస్తది ఎల్లుండి" అనేది. బిడ్డ అట! కన్న కూతురికి కూడా అంత జాగ్రత్తగా దాచింది లేదు. నేనొకసారి కావాలని ఆ జామపండు కోసుకుని తిన్నాను. తిని, తొడిమ గడప మీద పెట్టాను. అరవై నాలుగేళ్ళ మనిషిని, చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. కానీ ఆ పండు తియ్యగానే ఉంది.

సంచుల గుట్టు విప్పాలని పట్టుబట్టాను. పేపర్లో పజిళ్ళు పూర్తిచేసే బుర్ర, ఐదు సంచుల సంగతి తేల్చలేదా? పసుపు తొందరగానే తేలింది. పొద్దున లేవగానే గింజలు పడేది అందులోనే. రాత్రి మంటకు అది. ఆకుపచ్చ, ఎడమచేతిని కొంగుతో చుట్టుకుని పిసుక్కున్నాక. ఆపరేషన్ అయినవైపు చెయ్యి వాచి గాజులు ఎక్కేవి కాదు. నీలం, నలుపు అంతు చిక్కలేదు. తెల్లది రెండు నెలలు ఖాళీగా వేలాడింది.

ఒకరోజు చాయ్ చల్లారిందని గ్లాసు నేలకు కొట్టాను. ఆమె స్నానాల గదిలోకి పోయింది. కాసేపటికి వచ్చి, చింతగింజల డబ్బాలో నుంచి ఒకటి తీసి తెల్ల సంచిలో వేసింది. మొదటి గింజ. నేను చూస్తున్నానని కూడా చూడలేదు.

నాలుగు రోజుల తర్వాత, పక్కింటి విధవరాలితో కలిసి జాతరకు పోతానంటే వద్దన్నాను. ఎండ, చెయ్యి వాస్తుంది అన్నాను. నిజంగా అయితే ఆమె లేకుండా ఇంట్లో ఒక్కణ్ణే ఉండటం నాకు చేతకాదు. అరుచుకున్నాం. ఆ సాయంత్రం తెల్ల సంచిలో రెండో గింజ. వారం తిరగకముందే మూడోది. అప్పుడూ మా మధ్య ఏదో మాటామాటా అయ్యే ఉంది.

నాకు తేలిపోయింది. తెల్ల సంచి నాది. నా అరుపులు లెక్కపెడుతున్నారు. మండటం ఒక బాధ, వాపు ఒక బాధ, మొగుడు ఒక బాధ! పట్నం నుంచి స్కూటరు మీద వచ్చి, నా ఇంట్లో నా భార్య కాల్చిన సర్వపిండి తిని, నా మీద పంచాయతీ పెడుతోంది ఈ పిల్ల. రేపు ఆ పుస్తకం పెద్ద డాక్టర్ల ముందర విప్పి, కొత్తగూడలో ఒక ముసలాయన పదిహేను రోజుల్లో మూడుసార్లు అని చదువుతుంది. నా ఒళ్ళు మండిపోయింది.

తర్వాత ఆలోచిస్తే ఎంత తెలివితక్కువతనమో తెలిసింది. నేను రోజూ అరుస్తూనే ఉండేవాణ్ణి. ఏ సంచిలో ఏ గింజ పడినా నా అరుపు వెనకే పడుతుంది కదా. కానీ కుళ్ళుకున్న మనిషికి ప్రపంచమంతా తన గురించే మాట్లాడుకుంటున్నట్టు ఉంటుంది.

ఆ గురువారం పొద్దున నా భార్య పెరట్లో ఉండగా తెల్ల సంచిలో చెయ్యిపెట్టి మూడు గింజలూ తీసి చొక్కా జేబులో వేసుకున్నాను. హమ్మయ్య అనిపించింది.

మధ్యాహ్నం డాక్టరమ్మ వచ్చింది. లెక్కపెట్టేటప్పుడు నా భార్య ఎప్పుడూ అటు చూసేది కాదు. పొయ్యి దగ్గర చాయ్ పెట్టుకుంటూ ఇటు వీపు చేసుకునేది. గింజ వేసిందంటే చెప్పినట్టే, మళ్ళీ మొహం మీద అడగడం ఉండదని వాళ్ళ ఒప్పందం. డాక్టరమ్మ సంచులు ఒక్కొక్కటే చాపమీద బోర్లించి, రాసుకుని, గింజలు డబ్బాలో పోసేసింది. చాయ్ తాగింది. చెయ్యి పట్టి చూసింది. వాపుకు గుడ్డ ఎట్లా చుట్టుకోవాలో చూపించింది. లేచింది.

స్కూటరు దాకా సాగనంపడం నా అలవాటు. మర్యాద అనుకునేది ఆమె. నేను పోయేది కూపీ లాగడానికి.

"ఏమమ్మా, మా ఇంటామె నా మీద బగ్గ చెప్తుండొచ్చు గద?"

"మీ మీదనా? ఈ పుస్తకంలో మీ ఊసే లేదు పెద్దాయనా."

"మరి ఆ తెల్ల సంచి?"

ఆమె స్కూటరు మీద కూర్చుని కొంగు దోపుకుంటూ, "అదేమిటో మీకు చెప్పకూడదు" అంది. "ఒక్క మాట మాత్రం చెబుతా. అది ఖాళీగా ఉండల్ల. అందులో ఒక్క గింజ పడినా అప్పటికప్పుడు ఆమెను దవాఖానకు తీసుకుపోవల్ల. ఆలస్యం చేస్తే ప్రాణం మీదికి రావచ్చు. భయపడతాదని ఆమెకు గూడా ఇంత చెప్పలేదు. ఈసారీ ఖాళీగానే ఉంది, నాకదే సంతోషం."

స్కూటరు కదిలింది. దుమ్ము లేచింది.

నేను అక్కడే నిలబడ్డాను. జేబులో మూడు గింజలు. లోపల నా భార్య ఆ మూడూ చెప్పేశానని నిశ్చింతగా ఉంది. చూసి కూడా డాక్టరమ్మ ఏమీ అనలేదంటే పెద్ద సంగతి కాదని అనుకుంటుంది. ఇంకో గింజ వేస్తుంది. ఇంకొకటి. పదిహేను రోజులు. ఈ మాటలన్నీ నాకు ఒక్కసారిగా తోచాయి.  నిజం చెప్పాలంటే, నిశ్శబ్దంగా లోపలికి పోయి ఆ మూడు గింజలూ మళ్ళీ సంచిలో వేసేస్తే, వచ్చేసారి దొరుకుతాయి కదా అని కూడా అనుకున్నాను. నా పరువు దక్కుతుంది కదా అని. అంత ఆలోచన చేశాను. రాయకుండా దాటేస్తే ఈ రాతకు అర్థం లేదు.

అప్పుడు ఈల వినపడింది. రాళ్ళు పేలుస్తున్నారు, రోడ్డు ఆపేశారు. స్కూటరు ఎక్కువ దూరం పోయి ఉండదు. చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తాను. పరుగంటే ఆ వయసులో ఏం పరుగు, పంచె ఒక చేత్తో పట్టుకుని దేకడం.

ఎర్రజెండా ముందర లారీలు, సిమెంటు పనివాళ్ళు, సైకిళ్ళు, వాళ్ళ మధ్య నల్ల స్కూటరు. జెండావాడు నన్ను ఆపాడు. "ఏ తాతా, యాడికురుకుతున్నవ్? పానం మీద ఆశ లేదా?"

"నా పానం గాదు పో" అని తోసుకుని పోయాను.

డాక్టరమ్మ ముందర అరచెయ్యి చాపాను. చెమటకు తడిసిన మూడు చింతగింజలు.

"ఏమివి?"

"తెల్ల సంచియి."

"అది ఖాళీ కదా?"

"నేను తీసిన."

గుట్ట పేలింది. కాళ్ళ కింద నేల అదిరింది. పనివాళ్ళు చెవులు మూసుకున్నారు, ఆమె మూసుకోలేదు. నన్నే చూస్తోంది.

"ఎందుకు తీసినారు?"

"నా మీద ఏస్తుందనుకున్న. నేను తిట్టినప్పుడల్ల ఏస్తుందనుకున్న."

 నవ్వుతుందేమో అనుకున్నాను. నవ్వితే బాగుండేది.

"ఆమె నోరు తెరిచి చెప్పలేదనే కదా నేను సంచి కుట్టించింది. ఆ నోరు గూడా మీరే మూస్తే ఆమె ఇంకెవరికి చెప్పల్ల?"

లారీ డ్రైవర్లు వింటున్నారు. విననీ అనుకున్నాను. నా జన్మలో ఒక చదువుకున్న మనిషి నన్ను తిడుతుంటే ఎదురు మాట్లాడనిది ఆ ఒక్కసారే.

ఆమె స్కూటరు తిప్పింది. నేను వెనక నడుచుకుంటూ ఇల్లు చేరేసరికి ఇద్దరూ లోపల మాట్లాడుకుంటున్నారు. ఈసారి కిటికీ దగ్గరికి పోలేదు. అరుగు మీద కూర్చున్నాను. కాసేపటికి నా భార్య గడపలోకి వచ్చింది. తిడుతుందనుకున్నాను.

"దొంగతనం చేసేటోడు బంగారం చేస్తడు, ఎండి చేస్తడు. నువ్వు చింతగింజలు చేస్తివి. నీ బతుకుకు గదే దొరికిందా?"

"నాకేం తెలుసే, నువ్వు చెప్పకుంటే?"

"చెప్పేదైతే చెప్పనా? గది చెప్పే ముచ్చటనా నీతోని?" అని ఆగి, మొహం అటు తిప్పుకుని, చెప్పింది. బిడ్డలు పుట్టే వయసు దాటిపోయిన ఎన్నో ఏళ్ళకు మళ్ళీ బట్టకు రక్తం అంటుతోంది. మూడుసార్లు. మొదటిసారి, నేను గ్లాసు నేలకు కొట్టిన రోజున.

డాక్టరమ్మ నాకూ వివరంగా చెప్పింది. రోజూ మింగే గోలీ ఆ జబ్బు తిరిగి రాకుండా కాపలా కాస్తుంది. కానీ కొందరు ఆడవాళ్ళలో అదే గోలీ గర్భసంచి లోపలి పొరను మందం చేస్తుంది. అరుదుగా అక్కడ కూడా కేన్సర్ పుట్టించవచ్చు. రక్తం కనపడటమే దానికి మొదటి గుర్తు. వెంటనే చూస్తే చాలావరకు భయం లేదు. చూడకపోతే ఉంది.

మర్నాడు పొద్దున్నే బస్సులో పట్నం పోయాం. డాక్టరమ్మ మాకంటే ముందే వచ్చి మెట్ల దగ్గర నిలబడి ఉంది. నా భార్య భుజం మీద చెయ్యి వేసి లోపలికి తీసుకుపోయింది. తలుపు మూశారు. గర్భసంచిలో నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతారట. నేను బయట బల్ల మీద కూర్చున్నాను. ఆ భయంలో కూడా, ఆ చెయ్యి నాది కాకుండా ఆ పిల్లది అయిందే అని గుంజుతూనే ఉంది. ఏం మనిషినో నేను.

ఫలితానికి తొమ్మిది రోజులు పట్టింది. ఆ తొమ్మిది రోజులూ నేను గొంతు పెంచలేదు. నాలుగో రోజున నా భార్య, "ఒక్కసారన్న అరువు, ఇల్లు ఇల్లు లెక్క లేదు, దవాఖాన లెక్కుంది" అంది. అరవలేకపోయాను. చాయ్ నేనే పెట్టాను. ఒక్క గుక్క తాగి, "గీ నీళ్ళకు సంచి ఉంటే గుప్పెడు గింజలేద్దును" అంది.

తొమ్మిదో రోజు దవాఖానకు పోతే, కాగితం ఆమె చేతికే ఇచ్చారు, నాకు కాదు. ఆమె దాన్ని డాక్టరమ్మకు ఇచ్చింది. నేను చదవగలను, ఇంగ్లీషు కూడా కూడబలుక్కుంటాను. అయినా ఆమె నా వైపు చాపలేదు. చెడ్డది కాదని చెప్పింది డాక్టరమ్మ. చిన్న కండలాంటిది పెరిగింది, అదే రక్తానికి కారణం, పరీక్ష చేసినప్పుడే తీసేశారు. గోలీ సంగతి పెద్ద డాక్టర్లు ఆలోచిస్తారు, మూడు నెలలకోసారి చూపించుకోవాలి. నా భార్య ఆమె రెండు చేతులూ పట్టుకుని కళ్ళకు అద్దుకుంది. నేను గోడ వైపు తిరిగి ముక్కు చీదుకున్నాను.

సంచులు మా ఇంట్లో నుంచి పోయాయి. పక్కింటి విధవరాలి వంటింట్లో తగిలించారు. "ఇక్కడ దొంగల భయం" అని నా భార్య అందరి ముందరా చెప్పింది. రోజూ పిడికిట్లో గింజలు పట్టుకుని ఆ ఇంటికి పోయివచ్చేది. పోయినామె ఊరికే రాదు, గంట ముచ్చట పెట్టుకుని వస్తుంది. అప్పటిదాకా ఒక్క మనిషి మీద కుళ్ళుకునేవాణ్ణి, ఇక ఇద్దరి మీద.

ఆ తర్వాతి గురువారాల్లో ఒకనాడు, డాక్టరమ్మ లెక్క ముగించుకుని మా ఇంట్లో చాయ్ తాగుతుండగా నేను లోపలికి వెళ్ళి ఎదురుగా కూర్చున్నాను. ఎవరూ బయటికి పొమ్మనలేదు.

"నీ పుస్తకంల మొగోనికి గడి లేదా?"

"లేదు పెద్దాయనా."

"ఎందుకు లేదు? ఆమె ఒళ్ళు మండితే రాస్తవ్. చెయ్యి వాస్తే రాస్తవ్. పక్క మంచంల ఉన్నోడు ఏమైండో నీకు ఫికర్ లేదా? గీ చదువులు చదివినోళ్ళకు గంత కూడ తెల్వదా?"

కోపంగానే అన్నాను. ఆమెకు కోపం రాలేదు. కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. "నిజమే. నేను ఏ ఇంట్లోనూ అడగలేదు" అంది. పుస్తకంలో చివర ఖాళీ పేజీ తిప్పి, కలం తీసింది. "చెప్పండి. ఆమెకు ఆపరేషన్ అయినప్పటి నుంచి మీరెట్లున్నారు?"

ఇన్ని దరఖాస్తులు రాసినవాణ్ణి, ఇంత నోరున్నవాణ్ణి. పంచె అంచును మడతలు పెడుతూ కూర్చున్నాను. నా భార్య పీట మీద కూర్చుని గడ్డం కింద చెయ్యి పెట్టుకుని చూస్తోంది. ఆమె మాట్లాడేటప్పుడు నన్ను బయట కూర్చోబెట్టారు. నా వంతు వస్తే ఆమె కదలదు!

"మంచిగనే ఉన్న" అన్నాను.

"అబద్ధం" అంది నా భార్య. "రాసుకో బిడ్డా, అబద్ధమని."

డాక్టరమ్మ ఏదీ రాయలేదు. కలం పట్టుకుని ఎదురుచూస్తోంది.  చివరకు నేను నేల వైపు చూస్తూ చెప్పాను. రోజూ పొద్దున, ఆమె లేవకముందు, ఊపిరి ఆడుతోందా అని చూస్తున్నాను. రెండేళ్ళుగా. ఆడుతోందని తెలిశాకే గోలీ మింగినవా అని అడుగుతాను.

నా భార్య గడ్డం కింద నుంచి చెయ్యి తీసింది.

"నాకెందుకు చెప్పలే?" అంది.

"నువ్వెన్నడు అడిగినవ్?" అన్నాను.

డాక్టరమ్మ తల వంచుకుని రాయడం మొదలుపెట్టింది.